కాలు కింద పెట్టనీయలేదు

మా చెల్లెలు సుబ్బులు పోయింది. గిద్దలూరులో దాని పెద్దకర్మకు పోయి వచ్చి ఇంకా వారం కాలేదు. నాకన్నా చిన్నది నాకన్నా ముందు పోయిందన్న దుఃఖం ఒక పక్కన ఉండగానే, అక్కడ విన్న ఒక మాట నన్ను నిలవనీయడం లేదు. భోజనాలయ్యాక ఆడవాళ్లమంతా వరండాలో కూర్చున్నాం. సుబ్బులు కోడలు మంచి పిల్ల. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయి ఉన్నాయి. పలకరించడానికి వచ్చిన ప్రతి చుట్టానికీ ఒకటే చెప్పుకుంటోంది. "మా అత్తను కాలు కింద పెట్టనీయలేదు పెద్దమ్మా. మోకాళ్ల నొప్పులని ఎప్పుడన్నదో అప్పట్నించి మంచం దిగనిస్తే ఒట్టు. డాక్టరు నడిపీమన్నాడు గానీ, మాకు మనసొప్పలే." విన్నవాళ్లు "నీలాంటి కోడలు ఎవరికి దొరుకుతాది తల్లీ" అన్నారు. నేనూ తల ఊపాను. ఆ పిల్ల ప్రేమగానే చేసింది, అందులో అబద్ధం లేదు. కానీ ఆ మాట నాకు కొత్త కాదు. పరికిణీ కట్టుకునే వయసులో మా ఇంటి అరుగు మీద మా నాయన నోట, అచ్చం అంత గర్వంగానే విన్నాను. దాని వెనక ఏముంటుందో కళ్లారా చూశాను కూడా. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు. పడితే పడనీ. ఈ వయసులో కడుపులో దాచుకొని నేను బావుకునేది ఏముంది?

మాది కొనకనమిట్ల నుంచి పొదిలికి పోయే దారిలో ఒక మెట్ట పల్లె. అప్పట్లో మేము మద్రాసు సర్కారు కింద, కర్నూలు జిల్లా వాళ్లం. వాన పడితే జొన్న, సజ్జ, కంది. పడకపోతే ఆకాశం వంక చూపులు. నాయన తల్లిని మేము జేజి అనేవాళ్లం. చిన్న వయసులోనే మొగుడు పోతే, ఇద్దరు ఆడపిల్లల్ని పోగొట్టుకొని, మిగిలిన ఒక్క కొడుకును సేద్యం చేసి పెంచింది. పొడుగు మనిషి. గంప నెత్తిన పెట్టుకుంటే చెయ్యి పట్టేది కాదు, రెండు చేతులూ ఊపుకుంటూ నడిచేది. ఆమెతో చేనికి పోవడమంటే మేము వెనకాల పరుగెత్తడమే. పొద్దున్నే పిడకల పొయ్యి రాజేసి, సంగటి కెలికి, అమ్మ నిద్ర కళ్లు నులుముకొనే లోపల చేని గట్టున ఉండేది. పొద్దు వాలాక ఒడిలో పచ్చి కందికాయలు పోసుకొని వచ్చేది. ఆ కాయల పచ్చివాసన, చెమట వాసన, ఎర్రమట్టి వాసన కలిసి ఒకటే వాసన. నాకు జేజి అంటే అదే. కాయలు ఉప్పేసి ఉడకబెట్టి, మా అందరి దోసిళ్లలో పోసి, తాను మాత్రం ఇంకా నిలబడే ఉండేది. ఆమె కూర్చుని తినడం నేను చూసిందే తక్కువ. "కూచో అత్తా" అని అమ్మ అంటే, "కూచుంటే లేయాల గదే" అని నవ్వేది.

ఆమెకు ఒక్కతే తోడబుట్టింది ఉండేది, చెన్నమ్మ. వాగు అవతల పల్లెలో ఇచ్చారు. మా చేని గట్టెక్కితే ఆ ఊరి చింతచెట్లు కనిపిస్తాయి. జేజికి మనసు పుడితే చాలు, మధ్యాహ్నం సంగటి తిని, కొంగులో ఇన్ని కందులు కట్టుకొని వాగు దాటి పోయేది. దీపాలు పెట్టే వేళకు చెల్లెలి ఇంటి గుమ్మడికాయ చంకన పెట్టుకొని వచ్చేది. అక్కడ ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "ఏముంటాదమ్మీ? అది నన్ను తిట్టింది, నేను దాన్ని తిట్టినా" అనేది. అట్లా తిట్టుకోవడానికి మనిషి ఉండటం ఎంత భాగ్యమో సుబ్బులు పోయాక గానీ నాకు తెలిసిరాలేదు.

మా నాయనకు గ్రామ మునసబు పని వచ్చిన తర్వాతనే ఇదంతా మారింది. తెల్ల తలపాగా వచ్చింది. అరుగు మీద జంపఖానా వచ్చింది. పిలిస్తే పలకడానికి తలారి వచ్చాడు. ఒకరోజు మార్కాపురం నుంచి రెవెన్యూ ఇన్‌స్పెక్టరు గుర్రం మీద వచ్చి, ఊరి బయట కందికట్టె మోపు నెత్తిన పెట్టుకొని వస్తున్న ముసలామెను మునసబు ఇల్లెక్కడని అడిగాడట. "నాయెంబడి రా నాయనా" అని ఆమె ముందు నడిచింది. నేరుగా మా అరుగు ముందుకొచ్చి మోపు దబ్బున పడేసి, "ఒరే అబ్బీ! నీకోసరం ఎవురో వచ్చినారు సూడు" అని కేక పెట్టింది. ఇన్‌స్పెక్టరు నవ్వి, "అమ్మగారు ఇంకా గట్టిగా ఉన్నారే" అన్నాడు. మంచి మాటే. కానీ మా నాయన చెవికి అది వేరే రకంగా వినిపించింది. ఇన్‌స్పెక్టరు పోయేదాకా తల దించుకొని, పోయాక వాకిట్లో నిలబడి జేజిని పిలిచాడు.

"అమా, రేపట్నించి నువ్వు చేనికి పోవద్దు."

"పోకుంటే ఏం జెయ్యమంటావురా?"

"కూచో. కూచొని తిను. మునసబు తల్లి కట్టెలు మోస్తా ఉంటే నా మొగాన ఉమ్మేయరా? నిన్ను కూచోబెట్టి సాకలేనోడినా నేను?"

ఈ చివరి మాటకు ఏ తల్లి మాత్రం ఏం జవాబు చెబుతుంది? కాదంటే కొడుకు అసమర్థుడని ఒప్పుకున్నట్టు. మా పక్క అప్పటికీ ఇప్పటికీ కొడుకు ప్రయోజకత్వానికి గుర్తు ఇదే. తల్లి వసారాలో కూర్చొని కనిపించాలి. ఆమె చేతిలో చీపురు కనిపించిందా, కోడలి కొంప మునిగినట్టే. జేజి కాసేపు కాళ్లకంటిన మట్టి చూసుకుంది. "సరేలేరా" అంది. ఆ సరేలో కొంచెం సంతోషం కూడా ఉందని నాకు గుర్తు. అంత కష్టపడి పెంచినందుకు కొడుకు చూపిస్తున్న మర్యాద అది. ఆమె మాత్రం మనిషి కాదా?

తర్వాత ఒక్కొక్కటే పోయాయి. చేను పోయింది. బావి పోయింది, నీళ్లకు మనిషిని పెట్టారు. తిరగలి పిడి పట్టుకుంటే అమ్మ వచ్చి చెయ్యి తీసేసేది. "అత్తా, నీకు దండం పెడతా, ముట్టుకోబాక. నిన్న దంచతా ఉంటే ఎదురింటామె చూసి మునసబు పెండ్లాం మారాణి అని దెప్పింది." పాపం, అమ్మ తప్పేముంది? ఊరి నోటికి మూకుడు ఎవరు పెడతారు? ఆ మీదట సంగటి కూడా పోయింది. మా మెట్టలో వరన్నమంటే పండక్కో, జబ్బు మనిషికో. నాయన పొదిలి నుంచి బియ్యం తెప్పించి, తల్లికి రెండు పూటలా వరన్నం, నెయ్యి పెట్టించాడు. మా పళ్లెంలో సంగటి, ఆమె పళ్లెంలో తెల్లన్నం. మొదట్లో ఆమె దొంగచాటుగా నా ముద్దలోంచి ఒక తుంట తుంచుకొని, తన అన్నం నాకు పెట్టేది. అమ్మ కంటపడి అదీ ఆగిపోయింది. కూర్చొని తింటే కొండలైనా కరుగుతాయని సామెత. అందరూ ఆస్తిని తలుచుకొనే ఆ మాట అంటారు. తుంటి, మోకాలు కూడా కరుగుతాయని ఎవరికీ తోచలేదు.

అయినా ఆమెకు ఒక్క నడక మిగిలింది. తెల్లవారుజామున చెంబు పట్టుకొని ఆడవాళ్లంతా ఊరి బయట కంపచెట్ల దాకా పోయేవాళ్లు. ఆ గుంపుకు జేజి పెద్ద. ఊరి గుట్టంతా ఆ దారిలోనే బయటపడేది. ఎవరింట్లో మొగుడు కొట్టాడు, ఎవరి గేదె ఈనింది, ఎవరి కోడలికి నెల తప్పింది. దగ్గర చోటున్నా ఆమె కావాలనే దూరం తీసుకుపోయేది. ఆడవాళ్లు సణుగుతూనే వెంట నడిచేవాళ్లు. తిరిగి వచ్చేటప్పుడు ఆమె ముఖంలో పాత కళ ఉండేది. ఒకసారి నాయన మార్కాపురంలో తాసీల్దారు ఇంటి వెనక ఏదో చూసి వచ్చాడు. బండెడు బండలు తెప్పించి, మా దొడ్లో గుంట తవ్వించి, నాలుగు వైపులా బండలు నిలబెట్టించి, పైన తాటాకు కప్పించి తల్లికని మరుగుదొడ్డి కట్టించాడు. ఆ చుట్టుపక్కల పల్లెల్లో అదే మొదటిది. జాతరకు వచ్చినట్టు జనం వచ్చి చూశారు. "ఇంక మా యమ్మ కాలు కింద పెట్టే పన్లేదు" అని నాయన అరుగు మీద మీసం తడుముకున్నాడు. జేజి అందులోకి తొంగిచూసి, "గొడ్లదొడ్డికి తలుపు పెట్టినట్టుండాదిరా" అంది. అందరూ నవ్వారు. మర్నాడు తెల్లారి ఆడవాళ్లు గుంపుగా మా ఇంటి ముందుగా పోతూ ఆమెను పిలవలేదు. పిలిస్తే నాయనకు కోపం వస్తుందని భయం. వాళ్ల మాటలు దూరమయ్యేదాకా ఆమె తలుపు దగ్గర చెంబు పట్టుకొని నిలబడి ఉండటం నేను పక్కలోంచే చూశాను.

పొదిలి నుంచి ఖాసింబీ అని గాజులామె నెలకోసారి వచ్చేది. జేజి ఈడుదే. గాజుల మలారం భుజాన వేసుకొని ఊరూరూ తిరిగేది. వచ్చినప్పుడల్లా మా వసారాలో దిగి, మజ్జిగ తాగి, కాళ్లు చాపుకొని నిట్టూర్చేది. "నీదమ్మా వదినా అదృష్టమంటే. కూచున్నకాడికి కంచం వస్తాది. నా కొడుకులుండారు చూడు, ఒక్కడికీ అమ్మ తినిందా అని అడిగే నోరు లేదు. ఈ మలారం దించిన్నాడే నాకు గోరీ." జేజి ఆ పగిలిన పాదాల వంకే చూస్తూ ఉండేది. "కాళ్లు మార్చుకుందామా ఖాసింబీ?" అని ఒకసారి అడిగింది. "తీసుకో వదినా, కంచంతో సహా ఇయ్యి" అని ఆమె పకపకా నవ్వింది. రోలు పోయి మద్దెలతో మొరపెట్టుకున్నట్టు ఉండేది వాళ్ల యవ్వారం. ఒకామె తిరగలేక ఏడుపు, ఒకామె తిరగనీయక ఏడుపు.

ఆ తర్వాత ఏ వానాకాలమో చెప్పలేను. అప్పటికి జేజికి ఒళ్లు వచ్చింది, గోడ పట్టుకొని లేస్తోంది, దొడ్లోకి పోవాలన్నా అమ్మ భుజం కావాలి. ఒక పొద్దున వాగవతల నుంచి మనిషి వచ్చాడు. చెన్నమ్మకు జ్వరం, మనిషి దక్కేట్టు లేదు, అక్కా అక్కా అని కలవరిస్తోందని కబురు. నాయనను ఒక్క మాట అనడానికి లేదు. ఆ నిమిషమే బండి కట్టించాడు. వరిగడ్డి పరిపించి, పైన బొంత వేయించి, తల్లిని తానే ఎత్తి కూర్చోబెట్టాడు. తోడుగా నన్ను ఎక్కించి, తానూ ముందు కూర్చున్నాడు. జేజి దారి పొడుగునా తడికె సందులోంచి బయటికే చూసింది. "ఈ చేను మనోళ్లదేనా? ఈ తుమ్మ ఇంత పెద్దదయిందా?" అని అడుగుతూ ఉంది. ఎన్నేళ్లకో ఊరు దాటింది మరి.

వాగు దగ్గర బండి ఆగిపోయింది. రాత్రి కొండల్లో పడిన వానకు గట్టు కోసుకుపోయి నిలువునా తెగింది. ఎద్దులు దిగవు. నీళ్లు పెద్దగా లేవు, మోకాలి లోతు. మా కళ్ల ముందే ఆడవాళ్లు చీరలెగగట్టి, గంపలతో దాటిపోతున్నారు. చింతచెట్లు కనిపిస్తున్నాయి, పొయ్యిల పొగ కనిపిస్తోంది. జేజి "నన్ను దింపండి" అంది. దింపాం. నా భుజం ఒక పక్క, నాయన భుజం ఒక పక్క. గట్టు అంచున కాలు కిందికి జార్చింది. కాలు వణికింది. రెండోది ఎత్తబోయి, అక్కడే కుప్పగా కూలబడింది. ఏ వాగును ఆమె చూడకుండానే దాటేదో ఆ వాగు ముందు మట్టిలో కూర్చొని, తన మోకాళ్లను గుద్దుకుంది.

అవతలి గట్టున చెన్నమ్మ కొడుకు ఎదురుచూస్తున్నాడు. చూసి నీళ్లలో దిగి ఇవతలికి వచ్చి వంగాడు. "పెద్దమ్మా, నా ఈపున ఎక్కు. నిమిషంలో దాటిస్తా." జేజి చేతులు చాపింది. చాపిన ఆ చేతులు ఇప్పటికీ నా కళ్లలో ఉన్నాయి. మా నాయన అడ్డం వచ్చాడు. దాటుతున్న జనం ఆగి చూస్తున్నారు. "ఏందిరా ఇది? మునసబు తల్లిని మూటమాదిరి ఈపున ఏసుకొని ఊళ్లో తిప్పుతావా? రేపటికి గట్టు చదును చేయిస్తా. బండిలో మర్యాదగా తీసకొస్తా, పో."

"రేపటికి అది ఉంటాదో లేదో రా" అంది జేజి.

"ఉంటాదిలేమ్మా. నీకేం దెలుసు, నువ్వూరుకో."

మర్నాడు మనుషుల్ని పంపాడు కూడా. కానీ కొండల్లో మళ్లీ వాన పడింది, వాగు ఉరికింది, ఈతగాళ్లే దిగలేదు. నీళ్లు తీసి, గట్టు చదునయ్యే లోపల చెన్నమ్మ కర్మ కూడా అయిపోయింది. కబురు విన్న రోజు జేజి ఏడవలేదు. నాయన అన్నం పళ్లెం తానే తెచ్చి ముందు పెడితే, పక్కకు నెట్టింది. "నీ వరన్నం నాకొద్దు. నీ నెయ్యి వద్దు. నా కాళ్లు నాకిచ్చెయ్ రా అబ్బీ" అంది. నాయన అరుగు మీదికి పోయి చాలాసేపు తల పట్టుకొని కూర్చున్నాడు. లేచి ఏం చేశాడనుకున్నారు? తల్లి సేవకని ఇంకో మనిషిని కుదిర్చాడు. ఆమె దొడ్లోకి కూడా పోనక్కర్లేకుండా అన్నీ వసారాలోనే జరిగే ఏర్పాటు చేశాడు. ఆయనకు తెలిసిన ప్రేమ అదొక్కటే. అది పనిచేయకపోతే ఇంకొంచెం ఎక్కువ చేయాలనుకున్నాడు. ఆయన్ను ప్రేమించాను, ఇప్పటికీ ప్రేమిస్తాను. కానీ ఆ రోజు తలుచుకుంటే నాకు ఆయన మీద కోపం ఆగదు.

ఆ తర్వాత జేజి మోకాళ్లు పైకి ముడుచుకొని, వాటి చుట్టూ చేతులు కట్టుకొని గోడకు ఆనుకొని కూర్చునేది. పడుకుంటే నొప్పి. అట్లాగే నిద్ర, అట్లాగే తిండి. మార్కాపురం నుంచి ఒక వైద్యుణ్ణి పిలిపిస్తే, వాతమన్నాడు, కదపవద్దన్నాడు. కదపలేదు. కాళ్లు ఆ మడతలోనే బిగుసుకుపోయాయి. ఇప్పుడు నా మోకాళ్లకు వ్యాయామం నేర్పే అమ్మాయి ఉంది. మార్కాపురంలో ఆస్పత్రి గదిలో కుర్చీ పట్టుకొని లేవమంటుంది, కూర్చోమంటుంది, నొప్పి అన్నా వదలదు. ఇంట్లోనే అన్నీ ఉన్నాయి, తిప్పితే నీళ్లు వస్తాయి. ఏ ఆడదీ గంప మోయక్కర్లేదు, అది మంచిదే. ఖాసింబీ మోసిన మలారం నేనెవరికీ కోరను. కానీ డాక్టరు నడిపించమన్నా మనసొప్పలేదన్న గిద్దలూరు పిల్లకూ మా నాయనకూ మధ్య ఇన్నేళ్లు గడిచి ఏం మారిందో నాకు తెలియడం లేదు. ముసలిదాన్ని నడవనిస్తే పరువు తక్కువ, కూర్చోబెడితే పుణ్యం. సుబ్బుల్ని చివరిసారి చూసినప్పుడు అది నా చెయ్యి పట్టుకొని "అక్కా, వాకిట్లోకి పోదామా" అంది. కోడలు కంగారుగా పరుగెత్తి వచ్చి దాన్ని దిండుకు ఆనించింది.

జేజి పోయేనాటికి నాకు పెళ్లయింది. కబురంది నేను వచ్చేసరికి స్నానం చేయించి ఉన్నారు, కానీ పాడె ఖాళీగా ఉంది. పడుకోబెడదామంటే కాళ్లు చాచుకోవడం లేదు. పెద్దవాళ్లు ఇద్దరు ముగ్గురు గట్టిగా అదమబోతే, నాయన వాళ్లను తోసేశాడట. నేను పోయేటప్పటికి నేల మీద కూర్చొని, గోరువెచ్చని నువ్వుల నూనె చేతుల్లో పోసుకొని, ఆ మోకాళ్లను రుద్దుతున్నాడు. తలపాగా లేదు. ఊరంతా చూస్తోంది, ఆయనకు పట్టలేదు. "సాపమ్మా. ఒక్కసారి కాళ్లు సాపు తల్లీ" అని బతిమాలుతున్నాడు. బతికుండగా ఆ కాళ్లను అంతసేపు ఎవరూ చేతుల్లోకి తీసుకోలేదు. అవి చాచుకోలేదు. పొద్దు వాలుతోందని అందరూ తొందర పెడితే, చివరికి పక్కకు ఒత్తిగిలబెట్టి, ముడుచుకున్నది ముడుచుకున్నట్టే తీసుకుపోయారు.

తిరిగి వచ్చి స్నానం చేసి, తడిబట్టలతోనే నాయన అరుగు మీద కూలబడ్డాడు. పక్కన నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయన నా వైపు చూడకుండా అన్నాడు. "ఆ పొద్దు వాగు కాడ వాని ఈపున ఎక్కనియ్యాల్సింది అమ్మీ." ఆయన పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఏదో ఒకటి అనాలి కదా. "నువ్వు కూచో నాయనా, నీళ్లు నేను తెచ్చిస్తా" అన్నాను. ఆయన ఉలిక్కిపడి నా ముఖంలోకి చూశాడు. తర్వాత అరుగు అంచు పట్టుకొని మెల్లగా లేచి, లోపలికి నడిచిపోయి, కుండలో తానే ముంచుకున్నాడు.